పదకొండు ఒకట్లు

మా అక్క కరుణ జ్ఞాపకార్థ కూడిక అయిపోయింది. పాస్టరు గారు భోంచేసి వెళ్ళిపోయారు, అద్దె కుర్చీలు ఆటో ఎక్కాయి, వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే చెప్పులు వెతుక్కుంటున్నారు. అప్పుడు బావగారు నన్ను లోపలి గదిలోకి పిలిచి ఒక గుడ్డసంచి చేతిలో పెట్టారు. "ఇది నీకివ్వమని మీ అక్క మూడుసార్లు చెప్పింది సుగుణమ్మా, మర్చిపోకముందే తీసుకో" అన్నారు. ఆయనకి ఎనభై దాటాయి. డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు, చూపు తగ్గింది, చెవి సగమే వినబడుతుంది. సంచిలో అక్క చీర ఏదైనా ఉందేమో, నాన్నగారి కళ్ళజోడేమో అనుకున్నాను. ముడి విప్పితే దారంతో కుట్టిన పొడుగాటి నోటుపుస్తకం బయటపడింది. అట్ట మీద నాన్నగారి గుండ్రటి చేతిరాతలో వరసగా పదకొండు ఒకట్లు. పొద్దున్నే రాజమండ్రి నుంచి బ్రిడ్జి మీదుగా ఆటోలో కొవ్వూరు వచ్చాను, మోకాళ్ళు పీకుతున్నాయి, ఏడ్చి ఏడ్చి కళ్ళు మండుతున్నాయి. ఆ అట్ట చూడగానే దుఃఖం కూడా రాలేదు. మళ్ళీ నువ్వా అనిపించింది, అంతే.

ఆ పదకొండు ఒకట్లని ఒకే సంఖ్యగా చదివితే వెయ్యినూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. మా ఇంట్లో దాన్ని అంత పొడుగ్గా ఎవరూ చదివేవారు కాదు. అమ్మ దాన్ని "మీ నాన్నగారి పదకొండుమంది" అనేది. "ఇద్దరు పిల్లల్నే సాకలేక చస్తుంటే ఈ పదకొండుమంది ఎక్కణ్ణించి వచ్చి పడ్డారమ్మా" అని చేపలకి ఉప్పు రాస్తూ విసుక్కునేది. నాన్నగారు పెనుగొండ దగ్గర కాలవ గట్టునున్న ఒక ఊళ్ళో మిషను బడిలో లెక్కల మాస్టారు. మా తాతకి చదువు లేదు, పొలం పనికి పోయేవాడు. ఆ ఇంట్లోంచి బడికి వెళ్ళి, ట్రైనింగు పాసై, తెల్లపంచె కట్టి బ్లాకుబోర్డు ముందు నిలబడ్డ మొదటి మనిషి నాన్నగారు. లెక్కలంటే ఆయనకి ఉద్యోగం కాదు, ఇష్టం. సాయంత్రం బడి వదిలాక కొందరు మాస్టర్లు పేకాటకి పోయేవారు. నాన్నగారు ఒకట్లతో ఆడుకునేవారు.

ఆ ఆట ఏమిటంటే, ఒకట్లు పక్కపక్కన పేర్చి ఆ సంఖ్య దేనితో భాగిస్తే శేషం లేకుండా పోతుందో కనిపెట్టడం. మూడు ఒకట్లు మూడుతో విడిపోతాయి. అయిదు ఒకట్లు కాస్త మొండికేస్తాయి గానీ నలభై ఒకటితో విడిపోతాయి. సరిసంఖ్యలో ఒకట్లుంటే పదకొండుతోనే తేలిపోతాయి. ఏడు ఒకట్లు మాత్రం ఆయనకి పెళ్ళికి ముందు ఒక ఎండాకాలమంతా పట్టాయిట. ఆఖరికి 239తో విడిపోయాయి. ఆ కథ క్లాసులో ఏడాదికోసారైనా చెప్పేవారు, చెప్పినప్పుడల్లా అప్పుడే గెలిచినట్టు ముఖం వెలిగేది. ఎనిమిది, తొమ్మిది, పది కూడా లొంగాయి. పదకొండు దగ్గర బండి ఆగిపోయింది.

ఒకసారి రాజమండ్రిలో నాకు కళ్ళు చూపించడానికి తీసుకెళ్ళి, పనిలో పనిగా కాలేజీలో ఒక లెక్కల లెక్చరర్ గారిని కలిశారు. పైన ఫ్యాను తిరుగుతున్న గది నేను చూడ్డం అదే మొదలు. ఆయన మంచివాడు, నాన్నగారిని కూర్చోమన్నారు. కాగితం చూసి, "ఇది విడుతుందండి మాస్టారూ. ఏదో పుస్తకంలో చూసిన గుర్తు. దేనితో విడుతుందో గుర్తులేదు. వెతికి కార్డు ముక్క రాస్తాను లెండి" అన్నారు. నాన్నగారు చటుక్కున లేచి నిలబడ్డారు. "వద్దండి, మీరు రాయద్దు. విడుతుందన్నారు, అది చాలు నాకు. దేనితోనో నేనే కనుక్కుని, మళ్ళీ వచ్చి మీకు చెప్తాను" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు లాంచీలో గోదారి గాలికి పంచె ఎగురుతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా భుజం మీద తాళం వేస్తూ కీర్తన పాడుకున్నారు. ఆయన గొంతు అపశ్రుతి అని గుడిలో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం నాకు బాగానే వినపడింది.

అలా మొదలైంది మా ఇంటి సాయంత్రాల లెక్క. దానికో పద్ధతి ఉండేది. దీపం పెట్టగానే ప్రార్థన. ప్రార్థన కాగానే నాన్నగారు బ్లేడుతో రెండు పెన్సిళ్ళు చెక్కి, పిల్లల పాత పరీక్ష కాగితాలు వెనకవైపు తిప్పి మాకు చెరో నాలుగూ ఇచ్చేవారు. ఆ కాగితాలకి సిరా, జిగురు, బడి బీరువాలోని బొద్దింకల వాసన కలగలిపి ఉండేది. అక్క వీధరుగు మీద, నేను వంటింట్లో నీళ్ళకుండ పక్కన కూర్చోవాలి. ఒకళ్ళ కాగితం ఒకళ్ళకి కనపడకూడదు. మధ్యగదిలో పడక్కుర్చీలో నాన్నగారు. ఆయన హాజరు పిలిచినట్టు ఒక ప్రధాన సంఖ్య గట్టిగా చదివేవారు. దానితో మేమిద్దరం ఆ పదకొండు ఒకట్ల సంఖ్యని ఎవరికి వాళ్ళం భాగించి, శేషం ఎంతో ఆయన చెవిలో చెప్పాలి. ఇద్దరిదీ ఒకటే అయితే నోటుపుస్తకంలోకి ఎక్కుతుంది: భాజకం, శేషం, పక్కన రెండు గడులు. ముందు ముగించినవాళ్ళ అక్షరం మొదటి గడిలో, తర్వాతివాళ్ళది రెండో గడిలో. క అంటే కరుణ, సు అంటే సుగుణ. ఇద్దరికీ తేడా వస్తే మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సిందే. "ఇద్దరు సాక్షులుంటేనే నిజం" అనేది ఆయన నియమం. లెక్కకే కాదు, ఉట్టి మీద బెల్లం ఎవరు తిన్నారన్న దానికి కూడా. తాను మాత్రం భాగించేవారు కాదు. సెలవురోజుల్లో ప్రధాన సంఖ్యల జాబితా తయారు చెయ్యడానికే ఆయన తల ప్రాణం తోకకి వచ్చేది.

రోజుకి నాలుగు భాగహారాలు, ఆదివారం సెలవు. శేషం సున్నా ఎప్పుడొస్తుందా అని మొదట్లో మాకూ సరదాగానే ఉండేది. సున్నా తెచ్చినవాళ్ళని తనతోపాటు రాజమండ్రి తీసుకెళ్ళి లెక్చరర్ గారి ముందు నిలబెడతానని నాన్నగారు మాటిచ్చారు. మొదటి ఏడాది గడిచింది, సున్నా రాలేదు. భాజకాలు మూడంకెల నుంచి నాలుగంకెలకి, నాలుగు నుంచి అయిదుకి పెరిగాయి. పిల్లలం, ఎంతకాలమని ఓపిక పడతాం? ఉపాయం నాకే తట్టింది. అక్క దాహమని వంటింట్లోకి వచ్చి, కుండలో నీళ్ళు ముంచుకుంటూ నా కాగితం చూసి పోయేది. "ఈ పిల్లకి ఇంత దాహమేంటే" అని నాన్నగారు అమ్మని అడిగితే, "ఉప్పుచేప తిందిగా, దాహమెయ్యదేంటి" అని అమ్మ పొయ్యిలోకి చూస్తూ అనేది. ఆవిడకి తెలుసనే నా అనుమానం. అంతవరకూ పెద్ద తప్పేమీ కాదు, నా లెక్క నిజంగా చేసిందే కదా.

అసలు తప్పు డిసెంబరులో మొదలైంది. గుడిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. అక్క గొంతు బాగుండేది, నాది ఓ మోస్తరు, అయినా ఇద్దరికీ అక్కడికి పోవాలనే తహతహ. లెక్కలు ముగిస్తేగానీ నాన్నగారు పంపరు. దానికీ నేనే దారి కనిపెట్టాను. భాగహారం మధ్యలో ఆపేసి, అప్పటికి చేతిలో మిగిలిందే శేషమని చెప్పెయ్యడం. శేషం భాజకం కన్నా చిన్నదై ఉండాలి, అంతేగా? మధ్యలో ఆపినా చిన్నదే ఉంటుంది. చూసేవాళ్ళకి తేడా తెలియదు. నేను నాన్నగారి చెవిలో చెప్తాను, ఇంతలో అక్క నీళ్ళు తాగి వచ్చి అదే చెప్తుంది. ఇద్దరు సాక్షులూ సిద్ధం. నాన్నగారు సంతోషంగా గడులు నింపేవారు. "ఈమధ్య మీ ఇద్దరికీ తేడానే రావట్లేదర్రా, చెయ్యి తిరిగింది" అని మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అలా ఎన్ని సాయంత్రాలో లెక్కపెట్టలేదు. ఆ తర్వాత ఇంకో కొన్ని నెలలు నిజాయితీగానే చేశాం. భాజకం ముప్ఫైవేలు దాటింది. అప్పుడు అక్కకి రాజమండ్రిలో ట్రైనింగు సీటొచ్చి హాస్టలుకి వెళ్ళిపోయింది. నేను ఒక్కదాన్నీ చేస్తానన్నాను గానీ నాన్నగారు ఒప్పుకోలేదు. "సాక్షి ఒక్కరైతే ఎలా అమ్మా" అని నోటుపుస్తకం చూరులోని చెక్క మీద పెట్టేశారు. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా ఆ కాలేజీ ముందునుంచి కాకుండా వెనకసందులోంచి నడిచేవారు. మాటిచ్చి చెప్పలేకపోయిన లెక్చరర్ గారికి ఎదురుపడ్డానికి మొహం చెల్లలేదని చాలా ఏళ్ళకి గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ సందు గుర్తొస్తే చాలు, ఆ డిసెంబరు గుర్తొచ్చేది. మేం వదిలేసిన వాటిలోనే ఆ సున్నా ఉండిపోయిందేమో. నా మూలాన నాన్నగారు దాన్ని దాటిపోయి, లేని చోట వెతికారేమో. నేను తెలుగు టీచర్నయ్యాను. లెక్కల పీరియడుకి ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు వెళ్ళమంటే తలనొప్పని తప్పించుకునేదాన్ని.

నాన్నగారు చివరి ఏడాది కొవ్వూరులో అక్క ఇంట్లోనే ఉన్నారు. కళ్ళు పూర్తిగా పోయాయి. నేను ఏటికి ఇవతల రాజమండ్రిలో చిన్నపిల్లలతో సతమతమవుతూ ఆదివారాలు వెళ్ళొచ్చేదాన్ని. ఒక ఆదివారం అక్క నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "ఆ డిసెంబరువి మళ్ళీ చేస్తున్నానే. పాపం, రోజూ అడుగుతున్నారు" అంది. ఏమైనా దొరికిందా అంటే, "ఇంకా చూస్తున్నానే" అంది. నాన్నగారు మంచంలోంచి అడిగినా అదే జవాబు. "దొరికిందా అమ్మా కరుణా?" "ఇంకా చూస్తున్నాను నాన్నగారూ." ఆయన పోయారు. ఆ తర్వాత కూడా ఏ క్రిస్మస్‌కో ఫోను చేసినప్పుడు నవ్వుతున్నట్టు నటిస్తూ అడిగేదాన్ని, "పదకొండుమంది విడిపోయారా అక్కా?" అని. ముప్ఫై ఏళ్ళకి పైగా అదే మాట. "ఇంకా చూస్తున్నానే."

ఇప్పుడు ఆ పుస్తకం నా ఒళ్ళో ఉంది. ఇంజినీరింగు చదువుతున్న అక్క మనవరాలు స్నేహ వచ్చి పక్కన కూర్చుని, "ఏంటి చిన్నమ్మమ్మా అది?" అని అట్ట చూసింది. నేను చెప్పీ చెప్పక ముందే ఫోనులో ఒకట్లు కొట్టేసింది. ఎన్నిసార్లు నొక్కిందో వేలితో లెక్కపెట్టుకుంది, అంతే ఆలస్యం. "21649 ఇంటూ 513239" అని చదివింది. ఆపమనేలోపే అయిపోయింది. ఇన్నేళ్ళలో నేనే ఆ పని ఎప్పుడో చెయ్యగలిగేదాన్ని, నా చేతిలోనూ ఫోనుంది. ఎవరినీ అడగకూడదన్నది నాన్నగారి నియమం కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. నిజానికి నియమం కాదు, భయం. స్నేహ ఇంకా ఏదో చదువుతోంది. "అన్ని ప్రైమ్స్‌తో చెయ్యక్కర్లేదంట చిన్నమ్మమ్మా. ఇరవై రెండు ఎక్కానికి ఒకటి కలిపితే వచ్చేవాటితో చేస్తే చాలంట. మిగతావాటితో అసలు పోదంట." అంటే పదింట తొమ్మిది వంతుల భాగహారాలు ఉత్తి పుణ్యానికే చేశామన్నమాట. ఆ సంగతి తెలిసి ఉంటే రెండు మూడు నెలల్లో తేలిపోయేది, డిసెంబరు దాకా వచ్చేదే కాదు. ఆ పిల్ల తప్పేముంది, తెలిసిన మాట చెప్పింది. నాకు మాత్రం ఉన్నపళంగా పడుకుండిపోవాలనిపించింది.

స్నేహ లేచి వెళ్ళాక పేజీలు తిప్పాను. 21647, శేషం 9069. దాని కిందనే 21649. రెండే తేడా ఉన్న ఇలాంటి జంటల్ని నాన్నగారు కవలలనేవారు. అక్కకీ నాకూ రెండేళ్ళే తేడా కాబట్టి, అలాంటి జంట వచ్చిన రోజున మా ఇద్దరికీ చెరో బెల్లం ముక్కా పెట్టేవారు. ఆ రోజూ పెట్టే ఉంటారు. 21649 ఎదురుగా శేషం 8443 అని ఉంది. మొదటి గడిలో సు. రెండో గడిలో క. అంత కష్టపడి దాచుకున్న భయం చివరికి ఒక్క అక్షరమై కూర్చుంది. పుస్తకం మూసెయ్యబోతుంటే వెనకపేజీల్లో పెన్సిలు రాత కనపడింది, అక్కది. డిసెంబరు భాగహారాలు వరసగా మళ్ళీ చేసుకుంటూ వచ్చింది. ప్రతి దానికీ మొదటి గడిలో క, రెండో గడి ఖాళీ. ఆఖరి వరస 21649. శేషం 0. దాని తర్వాత ఏమీ లేదు.

"బావగారూ, అక్క ఇది ఎప్పటిదాకా చేసిందండి?" అని గట్టిగా అడిగాను. "మీ నాన్నగారు మంచంలో ఉన్నప్పుడేనమ్మా. మధ్యాహ్నాలు చేసుకునేది. ఓ రోజు ఉన్నట్టుండి పుస్తకం మూసేసి వంటింట్లోకి పోయి కూర్చుంది. కళ్ళెర్రగా ఉన్నాయి. ఏంటే అంటే ఉల్లిపాయలంది. ఆ తర్వాత మరి తెరవలేదు" అన్నారు. మామిడికాయలు కోసే రోజులని కూడా చెప్పారు. నాన్నగారు పోయింది వానలు పడ్డాక. అంటే సున్నా చేతిలో పెట్టుకుని కూడా అక్క ఆయనకి రోజూ ఇంకా చూస్తున్నాననే చెప్పింది. దొరికిందని చెప్తే, ముందెందుకు దొరకలేదని ఆయన అడుగుతారు. అడిగితే మొదటి గడిలో ఎవరి అక్షరముందో చెప్పాలి.

నన్ను కాపాడిందన్న కృతజ్ఞత నాకు ఆ క్షణాన రాలేదు. కోపమొచ్చింది. నాకోసమని గుడ్డివాడైన ఆ ముసలాయన్ని ఎందుకు ఆశపెట్టి పంపావే, నన్నెవరు కాపాడమన్నారు అని ఫొటోలోని అక్కని కడిగిపారెయ్యాలనిపించింది. కూడిక కోసం ఆ ఫొటోకి వేసిన దండ ఇంకా వాడలేదు కూడా. కోపం నిలబెట్టుకోవడానికీ ఓపిక ఉండాలి, నాకది లేదు. కళ్ళజోడు పెట్టుకుని, కూడిక కార్యక్రమం అచ్చేసిన కాగితం వెనక్కి తిప్పి, స్నేహ పెన్సిలు అడిగి తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. బావగారు ఎదురుగా కూర్చుని ఏదో బొమ్మ వేస్తున్నాననుకుని చూస్తున్నారు.

మొదటి ఆరు ఒకట్లలో 21649 అయిదుసార్లు. మిగిలింది 2866. ఒకటి దింపితే ఒక్కసారి. ఇంకొకటి దింపితే మూడుసార్లు. చెయ్యి మర్చిపోలేదు, మెల్లిగా ఆడుతోంది. ఇంకొకటి దింపితే రెండుసార్లు, మిగిలింది 8443. పెన్సిలు అక్కడ ఆగింది. నాన్నగారి పుస్తకంలో ఉన్న శేషం ఇదే. ఇక్కడే, ఈ గీత కిందే నేను లేచి పాటలకి పరిగెత్తాను. అప్పటికి దింపడానికి మిగిలినవి రెండే రెండు ఒకట్లు. మొదటిది దింపాను, మూడుసార్లు పోయింది. రెండోది దింపాను. 194841. తొమ్మిదిసార్లు. మిగిలింది ఏమీ లేదు.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నారు బావగారు. సున్నా అన్నాను. "అయ్యో, ఇంత చేస్తే సున్నానా" అని నొచ్చుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఆ చెవిటి మనిషికి గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చింది. "సున్నాయేనండి రావాల్సింది. నాన్నగారు జీవితమంతా వెతికింది దీనికోసమే. ఆ రోజు పాటల ప్రాక్టీసుకి టైమైపోతోందని నేను సగంలో ఆపేసి దొంగలెక్క చెప్పాను. ఆయన దీన్ని దాటి వెళ్ళిపోయారు. అక్కకి దొరికింది, నా పేరు బయటపడుతుందని ఆయనకి చెప్పలేదు." వంటింట్లో గిన్నెలు సర్దుతున్న స్నేహ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పాటలకి పోవాలనా?" అన్నారు బావగారు. అవునన్నాను. "మీ నాన్నగారేగా! విని ఉంటే పగలబడి నవ్వేవారమ్మా. నవ్వి, అప్పటికప్పుడు పంచె మార్చుకుని ఆ లెక్చరర్ గారి దగ్గరికి తీసుకెళ్ళమనేవారు."

ఆ మాట నిజం. కళ్ళు లేకపోయినా బయల్దేరేవారు, చెరో భుజం మీదా చెయ్యి వేసి మా ఇద్దరినీ తీసుకుని. ఆయన నవ్వేస్తారని అక్కకి తట్టలేదు, నాకూ తట్టలేదు. వెనకపేజీ తెరిచి, 21649 ఎదురుగా అక్క అక్షరం పక్కన ఖాళీగా ఉన్న రెండో గడిలో సు అని రాశాను. సాక్షులం ఇద్దరమయ్యాం. చెవిలో చెప్పాల్సిన మనిషి లేరు.